లోపలికి పీల్చిన అవును

మార్చి నెల, లోఫోటెన్ దీవులు, కాడ్ చేపల కాలం.
షెడ్డులో బడి పిల్లలు
తెగిన తలను ఇనుప మేకుకి గుచ్చి
ఒక్క కోతతో నాలుక తీసి బకెట్టులో పడేస్తున్నారు.
కిలోకింత అని కూలి.
సింద్రె బకెట్టు అప్పుడే సగం నిండింది,
ఒక్క ముక్కా మాట్లాడని నాలుకలతో.

పక్క బల్ల మీద నేను కాలేయాలు వేరు చేస్తున్నాను.
నా అవతల ఓడ్నీ. డెబ్భై ఆరేళ్లు.
చేతి తొడుగులు నారింజ రంగు, నడుము వంగని మనిషి.
"ఒక మాట తలుచుకున్నాను," అంది పిల్లలతో.
"రోజూ మీ నోట నలిగేదే.
పుట్టినప్పుడు అది ఒకటి కాదు, రెండు.
అరిగి అరిగి ఒకటైంది.
ఆ రెండూ ఏమిటో పట్టుకోండి.
అవును, కాదు. అంతకు మించి నా దగ్గర చిల్లర లేదు."

కాదు అంటే, కత్తి పిడితో బల్ల మీద టక్.
అవును అంటే,
ఈ ఉత్తరాది వాళ్లకో అలవాటు ఉంది,
మాట బయటికి రాదు.
ఊపిరే లోపలికి పోతుంది,
చన్నీళ్లలో కాలు పెట్టినట్టు, హ్‌ప్ అని.
వచ్చిన కొత్తలో
పాపం ఈ ఊరందరికీ ఉబ్బసం అనుకున్నాను.

సముద్రంలో దొరుకుతుందా?
టక్.
ఇంట్లో ఉంటుందా?
హ్‌ప్.
పొయ్యా, పీటా, తాళమా, దుప్పటా?
టక్ టక్ టక్ టక్.
"గాలం వెయ్యరా నాయనా, వల విసరకు."

రగ్న్‌హిల్డ్ నిదానస్తురాలు, కత్తి తుడుచుకుని అడిగింది:
ఆ రెండిట్లో ఒకటి మన ఒంటి మీద ఉంటుందా?
హ్‌ప్.
నాలుకేనా? సింద్రె బకెట్టు ఎత్తి చూపించాడు.
ఓడ్నీ నవ్వింది గానీ, టక్.

రెండోది చేత్తో పట్టుకోవచ్చా?
టక్.
కంటికి కనిపిస్తుందా?
కత్తి పైకి లేచింది.
దిగలేదు.
బయట కొయ్య పందిళ్ల మీద ఎండుతున్న చేపలు
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఊగుతున్నాయి.
ఆమె అటు చూసింది.
అటు చూడాలంటే దేనిలోంచి చూడాలో
రగ్న్‌హిల్డ్ దాన్ని చూసింది.

పాతకాలం ఇళ్లలో ఇది పైకప్పులో ఉండేదా?
హ్‌ప్.
పొగ పోవడానికా?
హ్‌ప్.
అద్దం లేకుండానా?

అప్పుడు యూస్తైన్, ఆరేళ్లవాడు,
కత్తి ఇవ్వరు కనుక తలలు లెక్కబెడుతున్నవాడు,
"మరి చలెయ్యదూ?" అన్నాడు.

ఓడ్నీ పీల్చింది చూడండి ఊపిరి,
షెడ్డులో ఉన్న ఉప్పూ చేపనూనే మంచువాసనా
అంతా ఆమె లోపలికి పోయేటంత పొడుగు అవును.
జవాబు చెబుతున్నది ఆమె కాదు,
ఆమెలోకి వెళుతున్న జవాబే.
"గాలి!" అంది రగ్న్‌హిల్డ్. "గాలి కన్ను!"

వింద్ అంటే గాలి. ఔగ అంటే కన్ను.
వెయ్యేళ్లు వాడి వాడి
ఇప్పుడు విందు అంటారు కిటికీని.
నా చెవికి మాత్రం అది
ఇన్నాళ్లూ ఆకేసిన భోజనమే.
ఎంత ఆకలితో వచ్చానో అప్పట్లో.
కన్ను ఎక్కడికి పోయిందా అని వెతికితే
చివరి ఉకారంలో
రెప్పలు మూసుకుని పడుకుని ఉంది.

"మీ వైపు?" అంది ఓడ్నీ నా కేసి తిరిగి.
"అక్కడా పాత మాటలో కన్నుందా?"

మాకు కిటికీ అంటే కిటికీయే,
అని చెప్పబోయి ఆగాను.
కావ్యాల్లో, పెళ్లి శుభలేఖల భాషలో,
అమ్మాయిలు తొంగిచూసే వర్ణనల్లో
ఒక మాట ఉంది కదా.
దాన్ని ఎన్నడూ విప్పి చూసుకోలేదు.
విప్పాను, అక్కడే, కాలేయాల మధ్య.

నాకు తెలియకుండానే
నా ఊపిరి లోపలికి పోయింది.
హ్‌ప్.

పిల్లలు కత్తులు దించి నా చుట్టూ చేరారు.
గాలి కన్నేనా?
టక్.
చేప కన్నా?
టక్.
మనిషిదా?
టక్.
యూస్తైన్ చాలాసేపు ఆలోచించాడు.
"పాలిస్తుందా?"