పంటి బిగువు

శాండ్‌విచ్ కొరికితే
రొట్టె రొట్టెలాగే ఉండిపోయి
లోపలి హామ్ ముక్క మాత్రం మొత్తంగా జారి
నా గడ్డం మీద వేలాడేది.
యాభై మూడేళ్ళు నేను తిన్న తీరు అది.
ముందువైపు పై పళ్ళకీ కింది పళ్ళకీ
ఏనాడూ మాటల్లేవు,
మధ్యలో అగ్గిపుల్ల పట్టేంత మౌనం.
ఆపిల్‌ని జేబుకత్తితో కోసుకు తినేదాన్ని.
జనం అది నాజూకు అనుకునేవాళ్ళు.

పేరు బోగుమీవా. వూచ్ నగరపు నాటకశాలలో
రాజులకీ బిచ్చగాళ్ళకీ ఒకే సూదితో కుడతాను.
మా కుట్టుగదిలో అందరూ
దారాన్ని పంటితోనే తెంపుతారు.
కింగా తెంపుతుంది,
కట్టుడు పళ్ళ జెనోబియా కూడా తెంపుతుంది.
నా మెడలో మాత్రం నాడా కట్టిన చిన్న కత్తెర,
పిల్లిమెడలో గంటలాగా.

మిల్లు మూతపడి అమ్మ ఇంట్లో కూర్చున్నప్పుడు,
స్వావొమిర్ రేడియో కూడా తీసుకుని వెళ్ళిపోయినప్పుడు,
అందరిదీ ఒకటే మాట:
"పంటి బిగువున నెట్టుకొచ్చింది బోగుమీవా."
ఏ పంటి బిగువు?
ఒకదాన్నొకటి తాకితే కదా, బిగియడానికి!
నేను పెదాల బిగువున నెట్టుకొచ్చాను,
వాటి మధ్య ఎప్పుడూ నాలుగు గుండుసూదులు.

డాక్టర్ మా అక్క కొడుకు వయసువాడు.
ఎక్స్‌రేని వెలుగుకి పట్టి అన్నాడు:
"ఇరవై ఎనిమిది మంది పనిని
వెనకనున్న నలుగురే చేస్తున్నారు.
ఆ నలుగురూ అరిగిపోయారు."
ఇంకేమీ వివరించనక్కర్లేకపోయింది.
అలాంటి గదిలోనే ముప్ఫై ఏళ్ళుగా పని చేస్తున్నాను.

వంటింటి పలకలకి దాచిన డబ్బు బయటికి తీశాను.
"ఈ వయసులోనా? ఎవరి కోసం?" అంది అక్క హల్కా.
ఒక ఆపిల్ కోసం, అందామనుకున్నాను.
ఆ చివరి మాటలోని 'స'
పళ్ళ సందులోంచి ఈలయి పోతుందని ఊరుకున్నాను.

వెయిటింగ్ గది నిండా పదమూడేళ్ళవాళ్ళు.
"మనవడు లోపలున్నాడా?" అడిగిందొక తల్లి.
పై పెదవి ఎత్తి చూపించాను.
ఆకుపచ్చ రబ్బర్ల కుర్రాడొకడు
తన డబ్బాలోని మైనం సగం తుంపి
నా అరచేతిలో పెట్టాడు, పాత ఖైదీ కొత్త ఖైదీకి ఇచ్చినట్టు.
"మొదటి వారం ఇది లేకపోతే చస్తారు."

చావలేదు.
కానీ రాత్రిళ్ళు దవడలో ఎవరో
బరువైన బీరువాలు జరుపుతుండేవాళ్ళు.
పండగనాడు గసగసాల రొట్టె తిని
రెండు రోజులు నల్లచుక్కల నోటితో తిరిగాను.
సూప్ తాగాను, మళ్ళీ సూప్, మళ్ళీ అదే.
ఒకసారి ట్రాములో ఏడ్చాను కూడా,
నొప్పికి కాదు, జంతికలాంటి కరకర శబ్దం ఒకటి
పక్క సీటులోంచి వినబడి.

అయినా ఈ పని నాకు తెలిసిన పనే.
చొక్కాచేతిని భుజంలో కలిపేటప్పుడు
గుంజితే ముడత పడుతుంది,
కొద్దికొద్దిగా ఒదిగిస్తే గుడ్డ తానే ఒప్పుకుంటుంది.
ఎముక కూడా గుడ్డేనట,
కాస్త మొండి రకం.

ఇరవయ్యో నెలలో
నీలం కాగితం నాలుక మీదికి జార్చి "కొరకండి" అన్నాడు.
అద్దంలో, ముందుపన్ను అంచున
ఆవగింజంత నీలం.
"తాకింది," అని ఫైల్లో రాసుకున్నాడు.
నేను దిగాల్సిన స్టాపు దాటి రెండు స్టాపులు పోయాను.
గుమ్మం దాకా వచ్చి మరీ హెచ్చరించాడు పాపం:
దారాలు, గోళ్ళు, సీసా మూతలు — వీటి జోలికి పోవద్దని.

మొదటి ప్రదర్శన రాత్రి, తెర పక్క చీకట్లో
ప్రభువుగారి చేతిగుండీ ఊడింది.
మరో నిమిషంలో ఆయన లోపలికి వెళ్ళి చచ్చిపోవాలి.
కుట్టాను, ముడి వేశాను,
మెడ తడుముకుంటే కత్తెర లేదు.
వంగాను.
టక్.

అంత చిన్న శబ్దం. ఎవరూ వినలేదు.
ప్రభువు వెళ్ళి అద్భుతంగా చచ్చిపోయాడు.
తెగిన కొస నా తీగలో చిక్కుకుంది,
కింగా టార్చి పట్టుకుని రావడం ఆలస్యమై
రెండో అంకం అంతా
నల్లదారపు తోక ఒకటి
నా నవ్వులోంచి వేలాడుతూనే ఉంది.