సముద్రగతుడు

పిరయస్ రేవులో, ఓడల కంపెనీ మూడో అంతస్తులో
పదకొండేళ్లు టైపు కొట్టాను నేను.
మిషను మీద నా వేళ్లది ఒక భాష,
మధ్యాహ్నం ఆలివ్ గింజలు ఉమ్మేస్తూ మాట్లాడేది ఇంకోటి.

మొదటిది కల్లిగాస్ గారిది.
ప్రతి మాటకీ గంజి పెట్టి ఇస్త్రీ చేసేవారు.
చేప అని కొడితే గీత గీసి మత్స్యం అని రాసేవారు.
"వీధి మాట ముద్ర కింద కూర్చోదు, ఎవాంథియా."

ఆ ఫిబ్రవరిలో మూడు కార్బన్ కాపీలతో నేనే కొట్టాను:
"భవదీయ భర్త పాంటెలిస్ విధినిర్వహణమందుండగా
సముద్రగతుండయ్యెనని తెలియజేయుటకు
మిక్కిలి చింతించుచున్నాము."
ఒక్క తప్పు పోలేదు. కాఫీ తాగాను.

వారం తిరక్కుండా ఆవిడ వచ్చింది.
కాసోస్ దీవి నుంచి రాత్రంతా పడవలో.
స్తమాతా. బూట్ల మీద ఉప్పు చారలు,
చేతిలో నువ్వులూ తేనే కలిపి పోసిన అచ్చుల పొట్లం.
ఉత్తరం మడతలు విప్పి నా బల్ల మీద పరిచింది.

ఇన్ని పెద్ద పెద్ద మాటలు మా ఆయన పేరు పక్కన
ఎప్పుడూ చూళ్లేదమ్మా, అంది.
బళ్లో చదివే మేనల్లుడు ప్రమోషనేమో అన్నాడట.
"సముద్రగతుడంటే కెప్టెన్ కిందవాడేనా?
చింతించుచున్నామంటే ఆలోచిస్తున్నారనే కదా,
జీతం సంగతి?"

కల్లిగాస్ గారి గది వైపు చూశాను.
కళ్లజోడు తుడుచుకుంటున్నారు.
తుడుస్తూనే ఉన్నారు.

నా నోట్లో మాటలు వరస కట్టాయి,
దివంగతుడు, కీర్తిశేషుడు, పరమపదించెను.
బల్ల దాటి ఒక్కటీ అడుగు వెయ్యలేదు.
చివరికి, చేపల బజార్లో మా అమ్మ గొంతు
నా గొంతులోంచి వచ్చింది:
"పోయాడమ్మా. మీ ఆయన పోయాడు.
ఓడ మీంచి పడిపోయాడు."

ఆవిడ ఏడవలేదు. పొట్లం నా వైపు జరిపింది,
ఎలాగూ తెచ్చాను కదా అన్నట్టు.
తర్వాత, పక్కింట్లో చెంచాడు ఉప్పు అడిగినట్టు
అడిగింది:
"నీళ్లు బాగా చల్లగా ఉన్నాయంటావా?"

కొన్నాళ్లకి చట్టం మారింది, కొత్త ఫారాలొచ్చాయి.
చేప చేపే అయింది, రొట్టె రొట్టే.
ఆఫీసులో అందరం కేకు కోసుకున్నాం.
ఇంటికెళ్లి సొరుగులోంచి ఆ కార్బన్ కాపీ తీశాను.
దాని వెనక పెన్సిలుతో ఆవిడ ప్రశ్న ఉంది.

కింద ఏం రాయాలో
ఈ భాషలోనూ తెలీలేదు.