గుర్తు తెలియనిది

గిడిజాల మెరకలో, కోరాడ నూకాలు చిక్కుడు పందిరి కింద
పోయిన పుష్యమాసంలో నేనొక తీర్పు రాశాను.
నల్లటి ఒళ్లు, వీపున నారింజ మచ్చలు,
ఆరు కాళ్లూ పక్కకి చాచి పాకే
సగం గోరంత మొసలి.
నా పుస్తకంలో ఆ పేజీ చిరిగిపోయి ఉంది.
పెన్సిలు నాలిక మీద తడిపి
"గుర్తు తెలియని పురుగు. చంపవచ్చు" అని రాశాను.

నూకాలు చంపింది.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
పేలు కుక్కినట్టు, రెండు సాళ్లు.
వేళ్లకి పసుపు అంటితే పమిటకి తుడుచుకుంది.
"మంచి గుంటవే, మా తోట కాసినావు" అని
లేత కాయలు నా సంచిలో పోసింది.

వారం తిరక్కుండా
పేనుబంక మొవ్వుల్ని నల్లగా కప్పేసింది.
కాయలకి జిగురు, జిగురుకి చీమలు,
చీమల వెనక మసి.
రైతుబజారులో ఎవరూ వేలు పెట్టలేదు.
ఎందుకిలా అని ఆమె అడగలేదు.
నేనూ అడగలేదు.

ఈ ఏడు ఒక్కదాన్ని తెచ్చి సీసాలో వేశాను.
ఊరగాయ సీసా, మూతికి పాత చీర గుడ్డ,
రోజుకో బంక పట్టిన రెమ్మ.
తింటుంది. అబ్బ, ఎలా తింటుందనీ!
ఒక పూట లెక్కపెట్టబోయి నలభై దగ్గర మానేశాను.
మూడుసార్లు కుబుసం విడిచింది.
తరవాత తోక ఆకుకి అతికించుకుని
ముడుచుకుని ఆగిపోయింది.
చచ్చిందనుకున్నాను.
గుడ్డ తీసి ఊదితే
ఉలిక్కిపడి లేచి, మళ్లీ వంగింది.

ఐదో రోజు తెల్లారగట్ల
భీమిలి గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటుంటే
దాని వీపు పగిలింది.
బయటికొచ్చింది పచ్చగా, మెత్తగా,
ఒంటి మీద ఒక్క చుక్కా లేకుండా.
అప్పటికీ నాకు తెలియలేదు అదెవరో.
ఎండ గుమ్మం దాటి సీసాని తాకేలోగా
ఒకటి, రెండు, మసకమసగ్గా నాలుగు,
లోపల్నించి ఎవరో ముగ్గుకి చుక్కలు పెడుతున్నట్టు.
పసుపు ఎరుపుకి తిరిగింది.

సీసాతో పందిరి దాకా పరిగెత్తాను.
నూకాలు కళ్లు చికిలించింది.
"ఓలమ్మ! అచ్చింతల పురుగు!
సిన్నప్పుడు అరసేతిలో ఎట్టుకుని ఎగరేసీవోల్లం."
"అదే. పోయినేడు మనం నలిపింది
దీని పిల్లల్నే."
ఆమె తన బొటనవేలి వైపు చూసుకుంది,
కాసేపు.
తరవాత వంగి కలుపు పీకడం మొదలెట్టింది.

మధ్యాన్నం సాలు చివర్నుంచి పిలుపు.
ఆకు తిప్పి పట్టుకుని ఉంది:
నూలుపోగు కన్నా సన్నని కాడల మీద
ఒక్కొక్కటే నిలబెట్టిన తెల్లటి గింజలు,
ఊపిరి తగిలితే ఊగుతున్నాయి.
"బూజేమో" అన్నాను.
"బూజు ఇలాగ వరసన నాటుకుంటాదేటి?"

పుస్తకం తెరిచి, గుర్తు తెలియనిది అని రాసి
పక్క గడి ఖాళీగా వదిలేశాను.
నూకాలు ఆకు తుంచలేదు.
కొంగు అంచు నుంచి ఎర్ర దారం ఒకటి లాగి
దాని తొడిమకి వదులుగా కట్టింది.
"ఇంకో సీసా ఉందేటి?" అంది.