ఆరోదీ ఎనిమిదోదీ

పెరంబూరులో, రైల్వే క్వార్టర్స్ మలుపు దగ్గర జెరాక్స్ కొట్టు.
కాగితానికి రెండు రూపాయలు, రెండువైపులా అయితే మూడు.
ప్రతి శుక్రవారం అక్కడ నిలబడతాను
మూడు వయసులకి మూడు కట్టలు పట్టుకుని.

ఆరేళ్ళవాళ్ళకి మామిడికాయలు.
ఆదితాళానికి ఎనిమిది గీశాను,
చప్పుడు పడ్డచోట రంగు వెయ్యమన్నాను.
నేను తెలుగులో 'గ' రాస్తే
వాళ్ళు తమిళంలో 'క' రాసుకుని
'గ' అనే పాడతారు.
అది దిద్దను.

పద్నాలుగేళ్ళవాళ్ళకి ఖాళీలు.
పదిహేనో మేళకర్త, చుక్కలు, చుక్కలు.
ఇది పరీక్షకి వస్తుందా అన్నాడు నివేదన్.
అక్షరాల లెక్క పట్టుబడ్డాక మాత్రం
అంచులో తన పేరే విప్పుకున్నాడు:
ని సున్నా, వే నాలుగు,
తిప్పితే నలభై. నలభై అంటే నవనీతం.
"అయితే నేను వెన్ననా టీచర్?"
క్లాసంతా పడీపడీ నవ్వింది.
ఆ సాయంత్రం వాడు ఎవరితోనూ కొట్లాడలేదు.

మూడో కట్టలో ఒక్కటే కాగితం.
దశరథ నాయుడుగారికి అరవై తొమ్మిది,
ముప్పై నాలుగేళ్ళు బోగీల మరమ్మతు,
ఎడమ చెవి షెడ్డులోనే వదిలేసి వచ్చారు.
ఆయన వయసుకి తగ్గట్టు
లఘువు, ద్రుతం, జాతి, గతి,
అన్నిటికీ నిర్వచనాలు కూర్చి రాశాను.
ఆయన అది చదివి, నాలుగు మడతలు పెట్టి, జేబులో వేసుకుని
"అమ్మా, ఆ మామిడికాయలది ఇంకోటుందా?" అన్నారు.

రాత్రి, అన్నం కంచం పక్కకి జరిపి దిద్దుతున్నాను.
యాళిని ఆరు కాయలకే పసుపు పూసింది.
ఆరోదీ ఎనిమిదోదీ తెల్లగా వదిలేసింది.
బద్ధకం అనుకున్నాను. రెండిటి చుట్టూ
ఎర్రసిరాతో సున్నాలు చుట్టాను.

ఆ కిందే నాయుడుగారి కాగితం.
ఆరోదీ ఎనిమిదోదీ ఖాళీ.
ఖాళీలో పెన్సిలుతో, వణికే అక్షరాలతో:
"ఇక్కడ సుత్తి పైకి లేస్తుంది."

నా చెయ్యి తొడమీద వేసుకుని చూశాను.
దెబ్బ. చిటికెనవేలు, ఉంగరంవేలు, నడిమివేలు.
దెబ్బ, విసురు.
దెబ్బ,
గాల్లో నా అరచెయ్యి వెల్లకిలా.
ఇరవై రెండేళ్ళుగా విసురుతున్నాను,
అక్కడేదో వినబడుతోందనే అనుకున్నాను.

ఎర్రసిరా చెరగలేదు, గోటితో గీకితే కాగితం పొరలేచింది.
ఇక సున్నాలకే తొడిమలు గీశాను,
చెరో ఆకూ వేశాను.

సోమవారం యాళిని కాగితాన్ని
అటు తిప్పి, ఇటు తిప్పి,
"ఇదేం కాయ టీచర్?" అంది.