నీటి చుక్క

కరెంటు పోయేసరికి చియాతురా లోయకు సరిగ్గా నడిమధ్యన ఉన్నాం,
ఇనుప తీగకు వేలాడే డబ్బాలో, ఏడుగురం.
ఎక్కే డబ్బా ఒకటి, దిగే డబ్బా ఒకటి,
ఒకదాని బరువు ఇంకొకదానికి ఊతం.
రెండూ ఎదురెదురుగా ఆగిపోయాయి,
మాటలు మానేసిన తోడికోడళ్లలా.

కింద నది కనబడదు. పొగమంచు.
కండక్టర్ ఎతెరి కిరోసిన్ దీపం వెలిగించి
"వస్తుందిలే" అంది.
తొంభై మూడు చలికాలంలో
అందరూ అందరితోనూ అన్న మాట అది.

రాత్రి బడి పిల్లలం ముగ్గురం,
షిఫ్టుకి పోతున్న గని మనుషులిద్దరు,
మా లెక్కల టీచరు త్సియాల గారు.
మా ఊపిర్లకి మసకబారిన అద్దాన్ని చూసి
ఆవిడ చేతి తొడుగు విప్పింది.
చూపుడు వేలితో రాసింది:

x² + x − 6

"గుణిస్తే చివరిది రావాలి,
కూడితే నడిమిది రావాలి.
ఆ జతని పట్టుకోండి. చలి తెలీదు."

అందరూ ఒకే పక్కకి ఒరిగితే డబ్బా ఊగుతుంది,
కాబట్టి ఒకరి తర్వాత ఒకరు.
జుంబర్ చూసొచ్చి రెండు నిమిషాల్లో పెన్సిలు పెట్టేశాడు.
లామారా వేళ్లమీద ఏదో లెక్కేసి ముసిముసిగా నవ్వింది.
నా వంతు వచ్చేసరికి అద్దం మీదున్నది

x² + x + 6

ఒకటీ ఆరూ: గుణకారం సరే, కూడితే ఏడు.
రెండూ మూడూ: కూడితే ఐదు.
రెంటికీ మైనస్ తగిలించా, ఇంకా లోతుకి జారాయి.
మూడులోంచి రెండు పోతే ఒకటి,
ఇదిగో దొరికింది అనుకుంటానా,
కూడిక ఒప్పుకున్న చోటే గుణకారం అలుగుతుంది.
రాస్తాను, కొట్టేస్తాను. కాగితం చిరిగింది.

అన్నిటికీ కారణాంకాలుంటాయని నమ్మే వయసు.
రొట్టె కోసం క్యూకి,
రాత్రిపూట కొండ అవతల చప్పుళ్లకి,
సుఖుమి వెళ్లిన నాన్న దగ్గర్నుంచి
ఉత్తరం రాకపోవడానికి.

గంట దాటాక ముసలి అంబాకో లేచాడు.
నల్లటి గోళ్లు, మాంగనీసు వాసన.
గని కప్పు చెమర్చితే చాలు
పరుగెత్తాలని తెలిసినవాడు.
అద్దానికి ముక్కు ఆనించి అన్నాడు:
"పిల్లా, ఈ అడ్డగీత వేలు గీసింది.
నిలువుగీత తోక చూడు, ఎంత కిందికి పోయిందో.
అది చుక్క గీసింది."

అందరూ నవ్వారు. డబ్బా ఊగింది.
త్సియాల గారు నవ్వలేదు. నా కాగితం తీసుకుని
దీపం దగ్గర పట్టుకుని, కొట్టివేతలన్నీ చదివింది.
"అన్ని జతలూ చూశావా?"
"చూశాను."
"అయితే ఇదీ లెక్కే.
విడదని తేల్చడానికి అన్నీ చూడాలి కదా."

మైనస్ పెట్టి చేస్తే ఒక్క ఊపిరి:
(x + 3)(x − 2).
అంత తేలిగ్గా వచ్చేసరికి ఏడుపొచ్చింది.

పదిన్నరకి తీగ గుంజింది.
ఎదురు డబ్బా మమ్మల్ని దాటి దిగిపోయింది,
దాని అద్దం మీద ఎవరో ఎవరిదో పేరు రాశారు,
తిరగబడి కనబడింది, చదవలేకపోయాను.
ఎతెరి మా అద్దాన్ని కోటు చేత్తో తుడిచేసింది.

నాన్న పేరు ముందు ఏ గుర్తు పెట్టాలో
ఇప్పటికీ తేలలేదు.
ఆ కాగితం మాత్రం ఉంది.
అంచులో ఎర్ర సిరా. తప్పు గుర్తు కాదు,
మార్కు కాదు.
ఆవిడ చేతిరాతలో, కాస్త వాలుగా:
నీటి చుక్క.