వానకొలత బుక్కు

పరకాల తహసీలు ఆఫీసు వెనక
ఇనుప కంచె నడుమ వానగేజీ.
పొద్దున ఎనిమిదిన్నరకు గరాటు తీసి చూస్త:
సీసల ఒక చచ్చిన గండుచీమ.
సున్నా అని రాస్త.
సున్నాకు సంతకం పెడ్త.

మిరుగం దాటి పదారు రోజులు.
చింతం ఓదెలు రెండోసారి పత్తిగింజలు పెట్టి
కంచె కాడికొచ్చిండు:
"ఏమంటున్నదే నీ డబ్బ?"

ఎక్కడో పెరూ ఒడ్డున సముద్రం
జరమొచ్చినట్టు కాగుతున్నదట,
ఆ వేడికి మన మొగులు దారి తప్పుతదట.
చెప్తే నవ్విండు ఓదెలు:
"నా చెలుకకు, ఆ సముద్రానికి
ఏం సుట్టరికం?"

బీరువాల పాత బుక్కులు తీసిన.
నాకంటే ముందటాయన గుండ్రటి రాత.
మూడేండ్ల మిరుగాలు సున్నాలే,
తర్వాత ఒక్క రాత్రికి నూట ఎనభై.
ఆ పేజీ ఇంకా ఉబ్బే ఉన్నది,
సిరా చలివాగులెక్క పారింది.
సముద్రం కాగిన ఒక ఏడు
నిండుగ కురిసిన లెక్క గూడ ఉన్నది.

సుట్టమే ఓదెలూ.
పిలిస్తే రాడు,
పిలువని ఏడు ఇల్లు మునిగేదాక పోడు.

ఆయనకు చదువుడు రాదు.
ఉబ్బిన ఆ కాయితాన్ని
బొటనవేలుతో వత్తి చూసిండు,
అదునుకు మట్టి చూసినట్టు.