పదిహేను సెకన్లు

టెక్కలి బస్టాండు వెనక బ్యాటరీల కూర్మయ్య
ఇరవై మూడేళ్లు ఆసిడ్ ఆవిరి తిన్న నోరు తెరిచాడు.
ముందరి పళ్లు నాలుగూ
అరిగిపోయిన సబ్బుబిళ్లలు.

"అతుక్కుంటాదేటమ్మా?"

నున్నటి గోడకి గాట్లు పెట్టందే
సిమెంటు పట్టదు గదా.
నీలం జెల్ రాశాను.

"ఇదేటి?"
"ఆసిడే."
నవ్వబోయాడు, దూది అడ్డొచ్చింది.

పదిహేను లెక్కపెట్టి
కడిగి, ఆరబెడితే
సుద్దముక్కలా తెల్లబోయింది పన్ను,
అక్కడక్కడ మాత్రం మొండిగా మెరుస్తూ.
ఆ మెరుపే నా భయం.

జిగురు పూసి, నీలి దీపం పట్టాను.

"ఎన్నాళ్లుంటాది?"
"రెండేళ్లో, మూడో. చెప్పలేను.
ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకో."

కొత్త పళ్ల మీద నాలుక తిప్పుతూ అన్నాడు:
"నా బేట్రీలకీ
అదే గేరంటీ రాత్తానమ్మా."